దిష్టి దండ విప్పిన కొండముచ్చు

అనగనగా ఒక అడవి. అక్కడ జంతువులకు కూడా బండ్లుండేవి. నవ్వకండర్రా, ఉండేవి! బండి ఉన్న ప్రతివాళ్లూ పంటకో గంప గింజలు బీమా కొట్టులో పోసేవారు. ఎవరి బండైనా ప్రమాదంలో విరిగితే, ఆ గింజలతో కొత్త బండి చేయించి ఇచ్చేవారు.

ఆ అడవిలో పైడయ్య అనే కొండముచ్చు ఉండేవాడు. రోజూ బండి మీద సీతాఫలాలు సంతకు తోలి పెళ్లాం పిల్లల్ని పోషించుకునేవాడు. ఎదురింటి ఎలుగుబంటి కొత్త బండి కొన్న దగ్గర్నుంచి పైడయ్యకు కడుపుమంట పట్టుకుంది.

"మన పాత బండిని లోయలోకి తోసేస్తానే. బీమా వాళ్లు కొత్తది ఇస్తారు" అన్నాడు పెళ్లాంతో.

"వద్దయ్యా! అందరూ పోసిన గింజలవి. పాపం తగులుతుంది" అంది సూరమ్మ.

వింటేనా! మధ్యాహ్నం ఎవరూ లేని వేళ బండిని లోయ అంచుకు తోలాడు. తోయబోతూ ఆగాడు. బండి ముందు నిమ్మకాయలు, పచ్చిమిరపకాయలు గుచ్చిన దిష్టి దండ వేలాడుతోంది. "అమ్మో, దిష్టి దండను పారేస్తే అరిష్టం" అనుకుని, ముడులు విప్పి దాన్ని తీసుకున్నాడు. ఆ తర్వాత బండిని ఒక్క తోపు తోశాడు. దండను తెచ్చి ఇంటి చూరుకు తగిలించాడు, కొత్త బండికి కట్టొచ్చని.

తిన్నగా బీమా కొట్టుకు వెళ్లి, "అడవిదున్న నా బండిని గుద్దాడు, లోయలో పడింది" అని రాయించి వేలిముద్ర వేశాడు.

"నేనసలు అటు పోనేలేదు మొర్రో!" అని దున్న లబోదిబోమన్నాడు.

విరిగిన బండ్లను పరీక్షించే పని వడ్రంగిపిట్టది. అది లోయలోకి దిగి చూసింది. పైడయ్య ఇంటికీ వెళ్లి చూసింది. మర్నాడు అడవిలో తీర్పులు చెప్పే ఏనుగు పెద్దాయన ముందు పైడయ్యను మూడే ప్రశ్నలు అడిగింది.

"దున్న గుద్దినప్పుడు నువ్వెక్కడున్నావు?"

"బండి మీదే."

"మరెలా బతికావు?"

"చివరి క్షణంలో దూకేశాను."

"మొన్న మంగళవారం నువ్వు బండికి కడుతుంటే అందరం చూసిన దండ మీ చూరుకు వేలాడుతోంది. ఒక్క మిరపకాయ కూడా రాలలేదు. బండి లోయలోకి పోతుంటే తీరిగ్గా కూర్చుని ముడులు విప్పుకున్నావా?"

అందరూ గొల్లున నవ్వారు. పైడయ్య ముఖం మాడిపోయింది.

"తప్పైపోయింది! కొత్త బండి వద్దు. ఇంకా ఒక్క గింజైనా తీసుకోలేదు కదా, వదిలెయ్యండి" అని ఏనుగు కాళ్ల మీద పడ్డాడు.

"కన్నం వేస్తూ దొరికిన దొంగను, ఇంకా ఏమీ ఎత్తుకెళ్లలేదని వదిలేస్తామా? అబద్ధం రాయించి వేలిముద్ర వేసినప్పుడే నేరం జరిగిపోయింది. పైగా నిందను ఏ పాపం ఎరగని దున్న మీదకు నెట్టావు" అన్నాడు ఏనుగు. "రెండు వానాకాలాలు గుహలో ఖైదు. ఇక నీకు బీమా లేదు."

"అయ్యో, నా పెళ్లాం పిల్లలు!"

"వాళ్లు లోయ అంచున గుర్తు రావాల్సింది పైడయ్యా."

మర్నాటి నుంచి సూరమ్మ సీతాఫలాల గంప నెత్తిన పెట్టుకుని సంతకు నడిచే వెళ్లేది. దారి గుహ ముందు నుంచే. ఒకరోజు ఆమె కాలు తడబడి పడబోయింది.

"సూరీ! గంప ఇటివ్వు, నేను మోస్తాను" అన్నాడు పైడయ్య, కటకటాల్లోంచి చెయ్యి చాపి.

"లోపలుండి ఎలా మోస్తావయ్యా?" అంది సూరమ్మ. కళ్లు తుడుచుకుని, సంతకు వేళవుతోందని వెళ్లిపోయింది.

నీతి: దొంగ బీమా అడగడమే నేరం. అది చేతికి రాకపోయినా శిక్ష తప్పదు, ఆ శిక్ష బరువు ఇంటివాళ్లూ మోయాలి.