టేకాకు చాటు నంబరు

మోదుగుల అడవిలో జంతువులు నడక మానేసి చాలా కాలమైంది. అందరికీ బండ్లే. పాతబడ్డ బండిని అమ్ముకోవాలంటే ఫోటో తీసి సంత దగ్గరున్న చదునుబండ మీద అంటిస్తారు. బండిని పక్కనే నిలబెడతారు.

ఎలుగుబంటి వ్యాను పోయి పది రోజులైంది. మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి గుహ ముందు లేదు. గుహ లోపల మాత్రం నలభై డబ్బాల తేనె ఉండిపోయింది. వాటికి చీమలు బారులు కట్టాయి. ఇంకో బండి దొరక్కపోతే ఏడాది కష్టమంతా చీమల పాలే. పాపం, ఏడుపు మొహంతోనే సంతకొచ్చింది.

బండ మీది ఫోటోలు చూసి దానికి తల తిరిగింది. కుందేలు కారు నంబరు మీద బొటనవేలుంది. ఎద్దు ట్రాలీ నంబరు మీద పిడకుంది. కోతి ఏకంగా నంబరుకు అడ్డంగా కూర్చుని పళ్లికిలించింది.

"కుందేలు అల్లుడూ, నంబరుకేమైంది? దెబ్బ తగిలిందా?"

"అది చూపించకూడదు మామా."

"ఎందుకని?"

"ఏమో! ఎద్దు బాబాయి మూశాడని నేనూ మూశాను."

ఎలుగు ఎద్దునడిగింది. "మూయకపోతే ఏదో అవుతుందట. అదేమిటో కోతికి తెలుసు" అంది ఎద్దు.

"నంబరుకు దిష్టి తగులుతుంది!" అంది కోతి.

"మరి రోజూ అదే నంబరుతో అడవంతా తిరుగుతారు కదా! అప్పుడు తగలదా?"

కోతి తల గోక్కుంది. "అప్పుడు బండి కదులుతూ ఉంటుందిగా!"

ఎలుగుకు అర్థం కాలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ అర్థం కాలేదు.

ఆ చివర నక్క ఓ నీలం వ్యాను పెట్టుకుని నిలబడింది. ఫోటోలోనే కాదు, బండికి కూడా నంబరు మీద టేకాకు కట్టేసి ఉంది. ఎలుగు ఎక్కి కూర్చుంది. సీటులోని గుంట దాని పిర్రలకు సరిగ్గా సరిపోయింది.

"నక్క బావా, ఈ గుంట నాదిలా ఉందే?"

"మంచి బండి ఎవరెక్కినా సొంతమనిపిస్తుంది మామా!"

"తేనె వాసనొస్తోంది."

"కొత్త రంగు వాసన!"

"నా వ్యాను తెల్లది. ఇది నీలం. సరే, నంబరెంత?"

"అయ్యో మామా! అమ్మే బండికి నంబరు చూపిస్తారా ఎవరైనా? ఆ ఫోటోలు చూడు!"

ఎలుగు మళ్లీ ఫోటోల వంక చూసింది. నిజమే, ఎవరూ చూపించడం లేదు. తనకే లోకం తీరు తెలియదనుకుని సిగ్గుపడింది. ముప్ఫై డబ్బాల తేనెకు బేరం కుదిరిపోయేలా ఉంది.

అప్పుడు బండ నీడలోంచి తాబేలు తాత తల బయటపెట్టింది.

"నక్కా, ఆ టేకాకు సంగతి చూసుకో నాయనా. పొద్దున టేకాకు కట్టిన వ్యానొకటి పులిదొర తోక మీంచి పోయిందట. దొర వెతుక్కుంటూ ఇటే వస్తున్నాడు."

నక్కకు చెమటలు పట్టాయి. "ఆ వ్యాను నంబరెంతట తాతా?"

"చివర ఏడని విన్నాను."

"హమ్మయ్య! నాది రెండు! అందరూ చూడండి, రెండు!" అంటూ నక్క ఆకు పీకి పారేసింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టే అయింది.

ఎలుగు వంగి చదివింది. మళ్లీ చదివింది. "పదకొండు నలభై రెండు... తాతా, నా బండి నంబరు దీనికెందుకు వేశారు?"

"ఓరి పిచ్చి మామా, అది నీ బండే!" అని ఎద్దు అరిచింది. నక్క తుప్పల్లోకి జారుకోబోతే కొమ్ములు అడ్డం పెట్టింది.

"అమ్మో, మరి పులిదొర?" అని వణికింది కుందేలు.

"దొర గుహలో గురకపెడుతున్నాడు. ఆయన తోక భద్రంగానే ఉంది" అంది తాబేలు.

ఆ సాయంత్రం గుహలోని నలభై డబ్బాలూ నక్కే మోసి వ్యానులోకి ఎక్కించింది. అడుగడుగునా చీమలు కుడుతుంటే గెంతుతూనే మోసింది.

కుందేలు మాత్రం తన బొటనవేలు వంక చూసుకుంటూ ఉండిపోయింది. "ఇంతకీ నేనెందుకు దాచాను?"

నీతి: తప్పు చేయనివాళ్లు కూడా దాచుకుంటూ పోతే, దొంగను అనుమానించేవాళ్లే ఉండరు.