నాంచారమ్మ వేలూ, పసిబిడ్డ బొంతా

లంకలపాలెం తెలివినంతా మూటగట్టి తమ ఒక్క ఇంట్లోనే దించారని బసవపున్నయ్య నమ్మకం. వాన మొదలైతే చాలు, గొడుగు తడిసి పాడైపోతుందని చంకలో దాచుకుని పరుగెత్తుకొచ్చే ఇల్లు అది. భార్య తిరపతమ్మ, కొడుకు కోటిలింగం ఆయనకేం తీసిపోరు. కోడలు నాంచారమ్మ కాపురానికి వచ్చాక, ఇంత తెలివికి చోటు చాలదేమో, ఇంకో గది వేద్దామా అని కూడా అనుకున్నారు.

అలాంటి ఇంటికి ఒక పెద్ద పని వచ్చిపడింది. నాంచారమ్మ ఆడపడుచు శేషమ్మ ఆసుపత్రిలో ఆడపిల్లని కన్నది. పసిగుడ్డునెత్తుకుని మధ్యాహ్నానికి పుట్టింటికి వస్తోంది. వెంట ఆమె అత్తగారూ వస్తోంది. "పిల్లని కటిక నేల మీద పడుకోబెట్టారో, ఆ పూటే వెనక్కి తీసుకుపోతా" అని ఆవిడ ముందే కబురంపింది.

"ఆవిడ ముక్కుసూటి మనిషి" అన్నాడు బసవపున్నయ్య భయంగా. "ముక్కుకి సూటిగా ఎవరూ నిలబడకండి. పక్కనించి పలకరించండి."

"మీకెందుకు మావయ్యా, నేనున్నాగా! చిటికెలో బొంత కుట్టేస్తా" అంది నాంచారమ్మ. పెరటి అరుగు మీద అత్తగారి పాత నేత చీరలు మడత మీద మడత పరిచింది. సూదిలో దారం ఎక్కించింది. మొదటి కుట్టు వేసింది. అంతే, బట్ట కింద పెట్టిన చూపుడువేలిలో సూది కసుక్కున దిగింది.

"చచ్చాన్రోయ్!"

ఇల్లంతా పరుగెత్తుకొచ్చింది. పక్కింటి ఆదెమ్మ గోడ మీంచి తొంగిచూసింది. ఊళ్ళో సగం బొంతలు ఆవిడ చేతి మీదుగా వచ్చినవే.

"ఏమే నాంచారీ, వట్టి వేలితో కుడుతున్నావా? ముందు వేలికి టోపీ పెట్టవే!" అనేసి, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని లోపలికి పోయింది.

నాంచారమ్మ తెల్లబోయింది. "టోపీ పెట్టడమంటే మోసం చెయ్యడం కదండీ?"

"అంతేగా మరి! మొన్న సంతలో పుచ్చకాయలవాడు నాకు పెట్టాడుగా" అన్నాడు కోటిలింగం.

"నా వేలిని నేనే మోసం చెయ్యాలా? పుట్టినప్పటినించీ నన్ను వదల్లేదయ్యా అది!" నాంచారమ్మకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కానీ పసిబిడ్డ గుర్తొచ్చి గుండె రాయి చేసుకుంది. వేలిని ముద్దుగా నిమిరి, "వేలమ్మా, ఇవాళ కుట్టుపనేం లేదు. గారెలు వండుకుందాం. పిండికి చిల్లు పెట్టాలిగా, రా తల్లీ" అంది.

"అల్లం కూడా దంచుతున్నా!" అని తిరపతమ్మ వంత పాడి, మాట నిజమన్నట్టు పప్పు కూడా రుబ్బడం మొదలుపెట్టింది. కోటిలింగం ఆకు వేసుకుని కూర్చున్నాడు. వేలు నమ్మినట్టే కనిపించింది. నాంచారమ్మ చటుక్కున సూది పొడిచింది. ఇంకేముంది! కెవ్వున కేక.

"దీనికి తెలిసిపోయింది అత్తా! ఈ ఇంటి వేలు కదా, దీనికీ తెలివెక్కువే!"

ఆదెమ్మ మళ్ళీ గోడ దగ్గరికొచ్చింది. సంగతి విని నెత్తి కొట్టుకుంది. "మోసం కాదే మొద్దూ, నిజం టోపీ! ఇత్తడిది. తొడుక్కుంటే సూది దిగదు. మీ అత్త పెట్టెలో ఉంటుంది, వెతుక్కో."

పెట్టె బోర్లించారు. అందులో ఇత్తడిది, టోపీలాంటిది, చెంబు ఒక్కటే ఉంది. అంతే, నాంచారమ్మ చేతికి తొడిగేశారు. సూదితో పొడిస్తే టంగుమంది.

"ఆహా, దిగట్లేదు!" అని అందరూ చప్పట్లు కొట్టారు. తీరా చూస్తే బట్ట పట్టుకోవడానికి చెయ్యి లేదు. నాంచారమ్మ లోపల పిడికిలి బిగించి లాగితే చెంబు రావట్లేదు.

"నూనె రాసి లాగండ్రా!" అని అరిచింది ఆదెమ్మ. దేనికి రాయాలో చెప్పలేదు. కోటిలింగం తన రెండు అరచేతులకీ దిట్టంగా నూనె పూసుకుని, చెంబు పట్టుకుని, బలమంతా పెట్టి లాగాడు. చేతులు సర్రున జారాయి. వెనక్కి వెనక్కి పోయి కుడితి గోలెంలో కూలబడ్డాడు. అది చూసి నాంచారమ్మ పగలబడి నవ్వింది. నవ్వులో పిడికిలి వదులైంది. చెంబు దానంతటదే ఊడి కిందపడింది.

"చూశావా నూనె మహిమ!" అన్నాడు గోలెంలోంచి కోటిలింగం.

ఆదెమ్మ నవ్వలేక పొట్ట పట్టుకుంది. "మీ ఆయనంత అమాయకుణ్ణి ఎక్కడా చూళ్ళేదే. నోట్లో వేలు పెట్టినా కొరకడు!"

నాంచారమ్మ మొహం వెలిగిపోయింది. ఇంత భద్రమైన చోటు ఇంట్లోనే ఉంచుకుని ఇన్ని తిప్పలా! మొగుణ్ణి పైకి లాగి, తుడిచి, బొంత కింద వెల్లకిలా పడుకోబెట్టి, చూపుడువేలు తీసుకెళ్ళి అతని నోట్లో పెట్టింది. నిజంగానే కొరకలేదు. ఒక వరస కుట్టు సాగింది. చల్లగా ఉందని కోటిలింగం కునుకు కూడా తీశాడు.

అప్పుడే తిరపతమ్మ వంటింట్లోంచి కేకేసింది. "ఒరేయ్, గారెలు వేగాయిరా!"

ఇంకేముంది, నిద్రలోనే కటుక్కున కొరికేశాడు.

ఈసారి కేకకి ఆదెమ్మ గోడ దూకినంత పని చేసి వచ్చింది. తన కుట్టు సంచీలోంచి గుంటలు గుంటలుగా ఉన్న బుల్లి ఇత్తడి తొడుగు తీసి నాంచారమ్మ కుడిచేతి నడిమివేలికి తొడిగింది. బట్ట కింద ఉండే వేలికి పేలిక చుట్టింది. సూదిని ఎలా తోయాలో చూపించింది.

"ఇక వేళ్ళకి భయం లేదు. ఒళ్ళు దగ్గర పెట్టుకుని కుట్టు, అంతే" అని వెళ్ళిపోయింది.

"ఎవరి ఒళ్ళు మావయ్యా?" అంది నాంచారమ్మ.

బసవపున్నయ్య గడ్డం నిమురుకున్నాడు. "పేరు చెప్పలేదంటే అందరిదీనన్నమాట!"

అంతే. ముగ్గురూ వచ్చి ఆమెతో పాటు బొంతకి ఒళ్ళు ఆనించి ఇరుకుగా కూర్చున్నారు. టోపీ తోస్తుంటే సూది చేపపిల్లలా ఈదింది. ఎక్కడా గుచ్చుకోలేదు. ఆ సంబరంలో నాంచారమ్మ తలెత్తకుండా అంచులన్నీ చుట్టేసింది. ఆఖరి ముడి వేసి దారం తెంపేసరికి వాకిట్లో ఆటో ఆగింది. నలుగురూ ఎదురు వెళ్ళాలని లేచారు. వాళ్ళతో పాటు బొంతా లేచింది. మామగారి పంచె, అత్తగారి చీర, మొగుడి చొక్కా, తన పైట, అన్నీ బొంతలో కలిసిపోయి ఉన్నాయి.

వియ్యపురాలు గుమ్మంలోనే కొయ్యబారిపోయింది. "ఏమిటన్నయ్యగారూ ఇది?"

బసవపున్నయ్య పక్కకి తిరిగి, ఆవిడ ముక్కుకి తగలకుండా జవాబిచ్చాడు. "బొంతమ్మా! మనవరాలి కోసం ఇంటిల్లిపాదీ కష్టపడ్డాం."

శేషమ్మ కత్తెర తెస్తానంది. "వద్దు తల్లీ, వేళ్ళు తెగుతాయి!" అని నలుగురూ ఒక్కసారే అరిచారు. చేసేదిలేక వియ్యపురాలు బొంతని చేత్తో తడిమి చూసింది. మెత్తగా, వెచ్చగా ఉంది. నలుగురినీ మళ్ళీ కూర్చోబెట్టి, బిడ్డని దాని మీద పడుకోబెట్టింది. బిడ్డ ఆవలించి హాయిగా నిద్రపోయింది. ఆవిడ మొహంలో కూడా నవ్వు కదిలింది. నాంచారమ్మ ప్రాణం లేచొచ్చింది.

కాసేపటికి బిడ్డ బొంత తడిపేసింది.

"దానిదేముంది, ఉతికి ఎండలో ఆరెయ్యండి" అంది వియ్యపురాలు బిడ్డనెత్తుకుంటూ.

పెద్దావిడ మాట కాదనకూడదు. అంతే, నలుగురూ బొంతతో సహా కాలవకి నడిచారు. మునిగారు. ఒకళ్ళనొకళ్ళు బండ మీద బాదుకున్నారు. పిండుకున్నారు. పెరట్లోకి వచ్చి, ముక్కాలిపీట వేసుకుని దండెం ఎక్కారు.

ఆదెమ్మ గోడ మీంచి చూసేసరికి దండెం మీద బొంత, అటు ఇద్దరు, ఇటు ఇద్దరు వేలాడుతున్నారు.

"ఏమే నాంచారీ! ఇదేం ఖర్మే!"

"వేళ్ళకేం కాలేదు పిన్నీ!" అంది నాంచారమ్మ నీళ్ళు కారుతూ, గర్వంగా. "మేమూ ఇంకాసేపట్లో ఆరిపోతాం. వచ్చి మమ్మల్ని కాస్త తిరగెయ్యి. వీపులకి ఎండ తగలట్లేదు!"