చేట అడుగువైపు

ఒకానొక రాజ్యంలో అని మొదలుపెట్టగానే, అది ఎక్కడుందని అడిగేవాళ్ళు ఉంటారు. నాకు తెలియదు. నా చదువంతా పొట్లాలు కట్టిన కాగితాల మీద సాగింది. భూగోళం ఉన్న కాగితం సగానికి చిరిగి ఉంది. కొండల నడుమ కురువాడ అనే రాజ్యం ఉండేదనీ, దాన్ని మదనభూపాలుడనే రాజు ఏలేవాడనీ మాత్రం నమ్మండి.

కళను గురించి కథ చెప్పే అర్హత నాకేముందని కూడా అడగవచ్చు. చిన్నప్పుడు నేనూ ఒక బొమ్మ గీశాను. ఎద్దు. చూసినవాళ్ళంతా మంచం అన్నారు. కాళ్ళు నాలుగే కాబట్టి వాళ్ళది పూర్తిగా తప్పని నేనూ అనలేకపోయాను.

మదనభూపాలుడు చెడ్డవాడు కాదు. తనకు నచ్చిన ప్రతిదానికీ ఒక శాసనం ఉండాలనుకునేవాడు, అంతే. ఆయన కోట ముందు పెద్ద కళామందిరం కట్టించాడు. కట్టించాక, ఇందులో ఏది పెట్టాలి, ఏది పెట్టకూడదు అనే ప్రశ్న వచ్చింది. కళ అంటే ఏమిటో తేల్చమని ఆస్థాన పండితుడు త్రివిక్రమాచార్యులకు పురమాయించాడు.

ఆచార్యులవారు ఆరు నెలలు కూర్చుని నాలుగు తాటాకుల నిండా ఒక నిర్వచనం రాశారు. రాజుగారు దాన్ని కోసి, కోసి, ఒక్క వాక్యానికి తెచ్చారు. "బహుశా, చూడటానికి తప్ప మరెందుకూ పనికిరానిదే కళ." ఆ మొదటి మాట తమ హోదాకు బాగాలేదని దాన్ని కూడా కొట్టేసి, మిగిలింది రాతి మీద చెక్కించి కళామందిరం గుమ్మం పైన పెట్టించారు.

మాట రాతి మీద ఉన్నంతసేపూ ఎవరికీ నష్టం లేదు. చిక్కల్లా తరవాత వచ్చింది. కురువాడలో రాజుగారి తాతల నాటి నుంచి చేతిపనివాళ్ళకు ఒక హక్కు ఉండేది. ఎవరి పనికి కావలసిన కలప వాళ్ళు రాచ అడవిలో ఎవరినీ అడక్కుండా కొట్టుకోవచ్చు. చేతిపనివాళ్ళంటే కళాకారులే కదా, మరి కళ కానిది చేసేవాడికి ఆ హక్కు ఎందుకని రాజోద్యోగులు ఊరూరా తిరగడం మొదలుపెట్టారు.

బొమ్మలు చెక్కేవాళ్ళ పేర్లు కళాకారుల పట్టీలోంచి కొట్టేశారు. పిల్లల ఏడుపు మానిపించడానికి బొమ్మలు పనికొస్తాయట. ఒక వీణ విద్వాంసుడు తన వాయిద్యం విని మదపుటేనుగు నిద్రపోయిందని గొప్పగా చెప్పుకున్నాడు. అది వైద్యం అని రాసుకుని, వీణ చేయించుకోవడానికి ఇచ్చే పనసచెక్క ఆపేశారు. నువ్వుగింజ మీద రథం చెక్కిన ఒకాయన సంగతి మాత్రం చాలాకాలం తేలలేదు. అది చూడటానికి కూడా కనిపించేది కాదు.

ఈ శాసనం సభలో చదివిన రోజున రాజుగారు అందరి మొహాలూ చూశారు. అందరూ తల ఊపారు. ఆస్థానంలో చమత్కారి అని పేరున్న కూచన కూడా ఊపాడు. అప్పటికే భోజనాల వేళ దాటిపోయింది. నేనైనా ఊపేవాణ్ణి.

నెల తిరగకుండా, బహుళ ఏకాదశి నాటి పొద్దున, మేదర ఓబుళమ్మ కూచన ఇంటికి వచ్చింది. అరవై ఏళ్ళ మనిషి. వెదురు చీల్చి చీల్చి వేళ్ళు కూడా వెదురు గణుపుల్లాగే అయ్యాయి. ఆమె ఏడవలేదు. చంకలోని కొత్త చేట తీసి అరుగు మీద పెట్టి, తమ వాడలో జరిగింది చెప్పింది. చేటలో బియ్యం చెరుగుతారు కాబట్టి అది కళ కాదన్నారు. అడవి మూసేశారు. వెదురు చీల్చే కత్తులు కూడా పట్టుకుపోయారు.

"కళ కాదంటే కాదనుకుంటాం సామీ," అంది ఓబుళమ్మ. "అదేమిటో తెలియకుండానే నలభై ఏళ్ళు అల్లాను. కానీ అమావాస్యకు ఇంక నాలుగు రోజులే ఉంది."

నాలుగు రోజుల సంగతి కూచనకు తెలుసు. మేదరవాళ్ళు ఏడాదికి సరిపడా వెదురును ఈ ఒక్క నెల చీకటి పక్షంలోనే కొడతారు. వెన్నెల రోజుల్లో కొట్టిన వెదురు పురుగు పట్టి పిండిలా రాలిపోతుందని వాళ్ళ నమ్మకం, అనుభవం కూడా. ఈ అమావాస్య దాటితే మళ్ళీ ఏడాది దాకా పని లేదు. పదకొండు ఇళ్ళవాళ్ళూ మూటలు కట్టుకుని పైదేశం పోవడమే.

ఆమె వెళ్ళిపోయాక కూచన చాలాసేపు అరుగు మీదే కూర్చున్నాడు. నవ్వించడం చేతనైన తనకు ఆ రోజు సభలో ఒక్క మాట చేతకాలేదు. అది గుర్తొస్తే నవ్వు రాలేదు.

ఆ పూటే సభకు వెళ్ళి, మేదరవాళ్ళ గోడు చెప్పి, ఆపైన కళామందిరంలో శాసనానికి విరుద్ధమైన వస్తువు ఒకటి ఉన్నదని ఫిర్యాదు చేశాడు. ఏమిటది అని రాజుగారు కళ్ళెర్రజేశారు. గుమ్మం ఎదురుగా వేలాడుతున్న ఏలినవారి చిత్తరువే అన్నాడు కూచన. నిన్న ఇద్దరు కావలివాళ్ళు పాచికలాడుతూ, తలెత్తి ఆ చిత్తరువు చూసి, పాచికలు దాచేసి నిటారుగా నిలబడ్డారనీ, దాన్ని తన కళ్ళతో చూశాననీ చెప్పాడు.

"కావలి కాస్తున్నదంటే పనికొస్తున్నట్టే కదా ప్రభూ. పనికొచ్చేదాన్ని మందిరంలో ఉంచరాదు. లేదా, ఈ రూపం వల్ల ఎవరికీ ఏ ప్రయోజనమూ లేదని దాని కింద రాయించండి. నిక్షేపంగా ఉంటుంది."

ఆచార్యులవారు, దాన్ని ప్రయోజనం అనరు, ప్రభావం అంటారు అని ఏదో సర్దబోయారు గానీ, రాజుగారు విననే లేదు.

"తప్పు పట్టడం ఎవరికైనా వచ్చు కూచనా," అన్నారు ఆయన, మెల్లిగా. "రేపు పొద్దునకల్లా ఇంతకంటే మంచి నిర్వచనం తీసుకురా. తేలేకపోతే ఆ మేదరవాళ్ళ వెనకే నువ్వూ మూట కట్టుకో."

కూచన దగ్గర నిర్వచనం లేదు. మర్నాడు పొద్దున దాకా లేదు. సభకు బయలుదేరబోతూ, చివరిసారి అన్నట్టు ఇల్లంతా కలయజూశాడు. వాకిట్లో ఓబుళమ్మ ఇచ్చిన చేటతో భార్య బియ్యం చెరగడం ముగించి, దాన్ని బోర్లించి వెనక తడుతోంది, తవుడు రాలేలా. కూచన ఆ చేట అడుగు చూశాడు. ఆమె చేతిలోంచి దాన్ని లాక్కుని అలాగే నడిచాడు. దారిలో మేదరవాడకు వెళ్ళి ఓబుళమ్మను వెంటబెట్టుకున్నాడు.

సభలో అందరూ కొలువుదీరాక, నిర్వచనం తెచ్చావా అని రాజుగారు అడిగారు. తేలేదని ఒప్పుకున్నాడు కూచన. ఉన్న నిర్వచనమే చాలుననీ, దాని ప్రకారం ఈ ఒక్క వస్తువుకు తీర్పు చెబితే మూట కట్టుకుంటాననీ అన్నాడు.

ఆచార్యులవారు చేటను దూరం నుంచే చూసి, ఇందులో వాదమేముంది, చెరగడానికి పనికొస్తుంది కాబట్టి కళ కాదు అన్నారు.

కూచన చేట తిరగేశాడు.

అడుగున, పసుపురంగు అల్లిక మధ్య, మూడు సన్నటి నల్లబద్దలు ఒకదాని మీదుగా ఒకటి వెళ్ళి కౌజుపిట్ట కన్నులాంటి చిన్న వలయం చుట్టాయి. పైవైపు దాని జాడే లేదు. కూచన ఓబుళమ్మను ఒక్కొక్కటే అడిగాడు. ఈ కన్ను వల్ల చేటకు బలమా అంటే కాదంది. బియ్యంలోని మెరికలు, రాళ్ళు తొందరగా పోతాయా అంటే పోవంది. కొనేవాళ్ళు అడుగుతారా అంటే, చేట తిరగేసి ఎవరు కొంటారు సామీ అంది. ఆ బద్దల్ని కరక్కాయ నీళ్ళలో ఇనపముక్క వేసి నల్లబడేదాకా నానబెట్టాలనీ, అల్లడానికి ఒక పూట అదనంగా పడుతుందనీ చెప్పింది.

కూచన చేతులు జోడించాడు.

"ప్రభూ, పైవైపు పనికొస్తుంది, కాబట్టి కళ కాదు, దేశం విడిచి పోవాలి. అడుగువైపు ఏ పనికీ రాదు, కాబట్టి కళ, తమ మందిరంలో ఉండాలి. రెండింటినీ వేరుచేసి ఇచ్చేవాళ్ళమే. కానీ కత్తి తమ ఉద్యోగుల దగ్గర ఉండిపోయింది."

ఎవరూ నవ్వలేదు. అందరూ రాజుగారి వైపు చూస్తున్నారు. రాజుగారు చెయ్యి చాచి చేట తీసుకున్నారు. ఒళ్ళో పెట్టుకుని ఒకసారి ఇటూ ఒకసారి అటూ తిప్పారు. ఆ నల్లబద్దల మీద బొటనవేలు నెమ్మదిగా పోనిచ్చారు.

"ఎవరు చూస్తారని వేశావమ్మా ఇది?" అని ఆయనే అడిగారు.

"ఎవరూ చూడరు దొరా," అంది ఓబుళమ్మ. "మా అత్త అల్లడం నేర్పినప్పుడు ఇది కూడా నేర్పింది. ఆమె పోయాక, ఎందుకీ శ్రమ అని ఒక చేట కన్ను వేయకుండా అల్లాను. చేట బాగానే వచ్చింది. నాకే ఆ పూట అన్నం సయించలేదు."

ఆమెను అడిగినంత మెల్లిగానే, రాజుగారు ఆచార్యులవారిని అడిగారు, ఈ మాటను నాలుగు తాటాకుల్లో ఎక్కడైనా రాశారా అని. లేదన్నారు ఆయన. ఆ మాట నిజాయితీగా అన్నారు. అందుకు ఆయన్ని మెచ్చుకోవాలి.

కత్తులు ఆ పూటే వెనక్కి ఇచ్చేయమనీ, అడవి ఎవరెవరికి మూశారో అందరికీ తెరిచేయమనీ ఆజ్ఞ అయింది. చేటను మాత్రం తన చిత్తరువు పక్కనే, అడుగువైపు బయటికి కనిపించేలా వేలాడదీస్తానన్నారు రాజుగారు. ఓబుళమ్మ ఆ మాటకు కంగారుపడింది.

"గోడకు తగిలించకండి దొరా. వాడని చేటకు పురుగు పడుతుంది. వంటింట్లో ఇప్పించండి."

అప్పుడు నవ్వారు రాజుగారు. చాలాసేపు, కళ్ళు తుడుచుకునేదాకా నవ్వారు. కూచనకు తన చేతి కంకణం తీసి ఇవ్వబోతే, శాసనం చదివిన రోజున తానూ తల ఊపాననీ, అది పుచ్చుకునే మొహం తనకు లేదనీ అన్నాడు కూచన. అడగకుండా రాయించింది నేను, ఊపడం నీ వంతు అయింది, ఇద్దరం సమానమే అంటూ రాజుగారే కంకణం తొడిగారు.

ఓబుళమ్మకు కప్పడానికి పట్టుశాలువా తెప్పించేసరికి ఆమె సభలో లేదు. అమావాస్యకు మూడు రోజులే ఉంది. పదకొండు ఇళ్ళవాళ్ళూ అప్పటికే కొండ ఎక్కుతున్నారు.

మధ్యాహ్నానికి కొండ మీంచి వెదురు కొడుతున్న చప్పుడు సన్నగా సభలోకి వినిపించింది. త్రివిక్రమాచార్యులు కొత్త తాటాకు ఒకటి పట్టుకుని ఏదో చెప్పబోయారు. రాజుగారు చెయ్యెత్తి ఆపి, కాసేపు వినమన్నారు.