గట్టవ్వ బెత్తెడు గోడ

ఊఁ కొడతారా? ఊఁ కొడితేనే చెప్తాను. ఈ కథలో సొరంగం ఉంది, చీకటి ఉంది. మధ్యలో మీరు ఊరుకుంటే నాకే భయమేస్తుంది.

అనగా అనగా, మీ తాతల తాతలకు కూడా గుర్తులేని కాలంలో, వాగు ఒడ్డున ఒక గుట్ట ఉండేది. గుట్ట మీద రాకాసి గుళ్లు. నాలుగు బండలు నిలబెట్టి, పైన పెద్ద బండ కప్పినవి. అవి ఎవరు కట్టారో ఎవరికీ తెలియదు. మనుషులు ఎత్తలేని బండలు కాబట్టి రాకాసులే కట్టారనుకున్నారు. ఆ దిక్కు చూడాలన్నా జనానికి వణుకు.

ఆ గుట్ట కింద గట్టవ్వ ఉండేది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. తల్లి చనిపోతే చంకనెత్తుకుని పెంచిన తమ్ముడు ఓదేలు ఒక్కడే ఆమెకు లోకం. ఎండాకాలం వాగు ఇసుకలో చెలమలు తవ్వి ఊరికి నీళ్లు చూపించడం ఆమె పని. గడ్డపారతో నేల మీద మూడు దెబ్బలు కొట్టేది. దబ్, దబ్, దబ్. చెవి ఆనించి వినేది. నీళ్లున్నాయంటే ఉన్నట్టే. ఆ నీళ్లు తాగిన ఊరు ఆమె పేరు మాత్రం తలచేది కాదు. కడుపు చల్లబడ్డాక ఎవరిని తలచుకుంటాం లెండి!

ఒక ఏడు వరదకు ఒడ్డు కోసుకుపోయి, గుట్ట పక్కన నల్లరాయి బయటపడింది. నిప్పు పెడితే మండే రాయి. ఊరి దొర చూశాడు, మురిసిపోయాడు. గుట్టలోకి సొరంగం తవ్వమన్నాడు. కూలికి జనం ఎగబడ్డారు. ఓదేలు అందరికన్నా ముందు.

గట్టవ్వ గుట్ట మీద మూడు దెబ్బలు కొట్టి చెవి ఆనించింది. దొర దగ్గరికి పోయి చేతులు జోడించింది.

"బాంచెన్ దొరా, తవ్వద్దు. నల్లరాయి మీద మూరెడు తెల్లసుద్ద ఉన్నది. సుద్ద మీద ఇసుకరాయి. ఆ ఇసుకరాయి నిండ నీళ్లే. గుట్ట కుండ లెక్కున్నది. సుద్ద దానికి అడుగు."

"రాయిల నీళ్లుంటయానే?" దొర నవ్వాడు. పక్కనున్నవాళ్లూ నవ్వారు. దొర నవ్వాక నవ్వకపోతే ఎట్లా?

తవ్వారు. సొరంగం లోపలికి పోయి మూడు పాయలైంది. ఏమీ కాలేదు. బండ్లకొద్దీ నల్లరాయి తరలిపోయింది.

తప్పంతా దొరదే అని మీరనుకుంటారు. కాదు, సగమే. మిగతా సగం ఊరిది. సొరంగం కప్పంతా తెల్లసుద్దే కదా. చూస్తే పాలమీగడలా ఉంది. దసరా దగ్గరికొచ్చింది. గోడలకు పూయడానికి అంత మంచి సుద్ద ఎక్కడ దొరుకుతుంది? గంపలు పట్టుకుని వచ్చారు. పొద్దున గీకారు, మధ్యాహ్నం గీకారు, సాయంత్రం గీకారు. ఊరి గోడలు తళతళలాడాయి. కుండ అడుగు పలచబడింది.

గట్టవ్వ గంపలకు అడ్డం పడింది.

"అక్కల్లారా, బెత్తెడన్న ఉంచుండ్రి! బెత్తెడు ఉంటె నా తమ్ముడు బతుకుతడు."

"మా గోడలు తెల్లగైతె నీకేం కడుపునొప్పే?" అన్నారు వాళ్లు.

మూడు రోజులు ముసురు పట్టింది. ఒకటో రోజు సొరంగం కప్పు చెమర్చింది. రెండో రోజు చుక్కలు పడ్డాయి. మూడో రోజు చుక్కలు ఆగిపోయాయి. ఇక భయం లేదని కూలీలు లోపలికి పోయారు.

చుక్కలు ఆగాయన్న మాట గట్టవ్వ చెవిన పడింది. "ఆగలే! నీళ్లు పైన ఒక్కతాన కూడుతున్నయి!" అంటూ గడ్డపార పట్టుకుని లోపలికి ఉరికింది. మూడు పాయలు కలిసే చోట కప్పు కిందికి ఉబ్బి ఉంది. దాని కింద నిలబెట్టిన దుంగ పక్కకు ఒరుగుతోంది. గట్టవ్వ దుంగకు భుజం ఆనించింది. అంతలో ఒక పెళ్ల ఊడిపడి నీళ్లు దూకాయి. ఆ విసురుకు దీపాలన్నీ ఆరిపోయాయి.

కన్ను తెరిచినా చీకటే, మూసినా చీకటే. లోపల మనుషులు దారి తెలియక అరుస్తున్నారు. గట్టవ్వ ఒక చేత్తో గడ్డపార ఎత్తి గోడ మీద కొట్టింది. దబ్, దబ్, దబ్.

"సప్పుడు దిక్కు రాండ్రి! నా పక్కపొంటి బయటికి పోండ్రి!"

ఒకటో పాయవాళ్లు గోడ తడుముకుంటూ వచ్చారు, పోయారు. వాళ్లలో ఓదేలు లేడు. దబ్, దబ్, దబ్. రెండో పాయవాళ్లు వచ్చారు, పోయారు. ఓదేలు లేడు. నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి. గట్టవ్వకు భయం లేదనుకునేరు. మీలాగే, నాలాగే గజగజ వణికింది. వణుకుతూనే కొట్టింది. దబ్, దబ్, దబ్. మూడో పాయవాళ్లు వచ్చారు. అందరికన్నా వెనక ఓదేలు. చీకట్లో అక్క చేయి దొరకబుచ్చుకున్నాడు.

"అక్కా, రా, పోదాం!"

"నేనిప్పుడు ఇడిస్తె ఇద్దరం పోతం బిడ్డా. నువ్వు ఉరుకు. బయటికి పోయినంక ఒక్క కేకెయ్యి. అది ఇన్నంక ఇడిస్త."

ఓదేలు ఏడుస్తూ ఉరికాడు. వెలుతురులోకి వచ్చి, వెనక్కి తిరిగి, "అక్కా!" అని కేక వేశాడు. లోపలి నుంచి మూడు దెబ్బలు వినిపించాయి. ఆ తరువాత గుట్ట మూలిగింది.

మూడు రోజులు సొరంగం నుంచి నీళ్లు పారాయి. గట్టవ్వ దొరకలేదు. గుట్ట ఖాళీ అయింది, చెలమలు ఎండాయి. అప్పుడు తెలిసొచ్చింది ఊరికి. ప్రతి ఇంటివాళ్లూ తమ గోడలు గీకి, ఆ సుద్దంతా గంపలకెత్తి తెచ్చి, గుట్టలో మళ్లీ నీళ్లు నిలవాలని బండలతో కలిపి సొరంగం మూతి మూశారు. గుట్ట మీద గట్టవ్వ కోసం నాలుగు బండలు నిలబెట్టారు. పైబండకు దొర కూడా భుజం పట్టాడు. ఊరంతా ఒక పట్టు పడితే బండ లేచింది. రాకాసుల అవసరమే లేకపోయింది. పక్కనున్న పాత బండల కింద ఎవరి అక్కలున్నారో అని ఓదేలు చాలాసేపు వాటినే చూస్తూ నిలబడ్డాడు.

రెండు వానాకాలాలు పోయాక చెలమల్లో మళ్లీ నీళ్లూరాయి.

ఇప్పటికీ ఆ వాగు ఒడ్డు ఊళ్లలో గోడలకు సుద్ద పూస్తే, గడప పక్కన బెత్తెడు చోటు వదిలేస్తారు. కొత్త కోడలు తెలియక అక్కడ చేయి పెడితే, "అది గట్టవ్వది, ఉంచు బిడ్డా" అంటుంది అత్త. నేల కిందికి పోయేవాళ్లు ముందు మూడు దెబ్బలు కొట్టి చెవి ఆనిస్తారు. లోపలున్నప్పుడు ఎవరూ కొట్టని మూడు దెబ్బలు వినిపించాయా, పనిముట్లు అక్కడే పారేసి బయటికి ఉరుకుతారు. బయటపడ్డాక వెనక్కి తిరిగి, "అక్కా!" అని ఒక్క కేక వేస్తారు.

వేయకుండా ఇంటికి పోకూడదు. ఆ కేక వినేదాకా ఆమె దుంగ వదలదట.