తిరిగి ఇచ్చిన పొట్లం

డాక్టర్ భీమశంకరంగారి దగ్గరికి కొత్తగా వచ్చినవాళ్ళు ముందు ఆయన మొహం చూడరు, గొంతు వింటారు. విశాఖపట్నం వన్‌టౌన్‌లో, హార్బరు గాలి ఉప్పగా తగిలే ఒక సందులో ఉండేది ఆయన ఆస్పత్రి. లోపలి గదికీ వరండాకీ మధ్య సగం తలుపే కాబట్టి, ఆయన వేసే కేకలు బల్ల మీద కూర్చున్నవాళ్ళందరికీ వినిపించాల్సిందే. "నీకు బతకాలని ఉందా లేదా? లేకపోతే చెప్పు, నా ప్రాణం తియ్యకు" అన్నదే ఆయన పలకరింపు. రోగుల సంచులు వెతికి బీడీకట్టలు, జర్దా డబ్బాలు, ఆవకాయ సీసాలు లాక్కునేవారు. ఆ కోపంలో తన కళ్ళజోడు కూడా వాటితోపాటే సొరుగులో పడేసి, అది కనిపించలేదని కాంపౌండరు మీద విరుచుకుపడేవారు. తిట్టించుకున్నవాడు మందు మరిచిపోయి వెళ్తే మాత్రం, చెప్పులైనా వేసుకోకుండా సందు చివరిదాకా పరిగెత్తి ఇచ్చి, అక్కడ ఇంకోసారి తిట్టి వచ్చేవారు.

ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి చేరిన మందాకిని అప్పుడే డాక్టరు చదువు పూర్తి చేసింది. రోగి చెయ్యి పట్టుకుంటే మొగ్గని పట్టుకున్నట్టే పట్టుకునేది. ఆ కేకలకి రోజూ ఆమె మనసు చివుక్కుమనేది. ఒక ముసురు పట్టిన ఉదయం, ఇంకా ఎవరూ రాకముందే, ధైర్యం చేసి అడిగింది.

"మాస్టారూ, వాళ్ళు అసలే బిక్కుబిక్కుమంటూ వస్తారు. ఒక్క మెత్తని మాట చెప్పకూడదా?"

ఆయన సొరుగు తడుముతున్నారు. "ముందు నా కళ్ళజోడు వెతుకమ్మాయ్" అన్నారు.

ఆమె అది వెతికి ఇచ్చేసరికి నూకరత్నం వచ్చింది. భర్త అప్పలకొండ ఆమెని గుమ్మందాకా నడిపించి, ఎప్పటిలాగే వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. గుండె బలం తగ్గి, కాళ్ళకి నీరు దిగే జబ్బు ఆమెది. ఉప్పు ముట్టుకోకూడదు. కానీ ఎండుచేప లేనిదే ఆమెకి ముద్ద దిగదు. వచ్చే దారిలో బజార్లో పొట్లం కొని చీర మడతల్లో దాచడం, డాక్టరుగారు వాసన పట్టి లాక్కుని సందులో పిల్లులకి విసరడం, ఇల్లెగిరిపోయేలా తిట్టడం, బయట అప్పలకొండ "డాట్రుబాబు పట్టీసినాడు!" అని తొడ చరిచి నవ్వడం, ఇదంతా వాళ్ళకొక అలవాటైపోయింది.

ఆ రోజు కూడా గదంతా ఎండుచేప వాసన. డాక్టరుగారు ఆమె గుండె చాలాసేపు విన్నారు. కాళ్ళు నొక్కి చూశారు. చెయ్యి చాచి పొట్లం అడిగి తీసుకున్నారు. మందాకిని కేక కోసం ఊపిరి బిగబట్టింది.

ఆయన ఆ పొట్లం మళ్ళీ నూకరత్నం చేతిలోనే పెట్టారు.

"తీసుకెళ్ళు తల్లీ. నీకు ఇష్టమైంది తిను."

ఎంత మెత్తని గొంతు! తన మాట ఆయన మనసుని తాకిందని మందాకిని లోలోపల పొంగిపోయింది. ఆ సంబరంతోనే నూకరత్నం మొహం చూసింది. ఆ మొహంలో రక్తం లేదు. ముందురోజు పెద్దాసుపత్రి గుండె డాక్టరుతో ఫోనులో మాస్టారు వాదించడం, "ఇంకేమీ లేదా? ఏమీ చెయ్యలేమా?" అని అడిగిందే అడగడం అప్పుడు గుర్తొచ్చింది.

"అంతేనా బాబూ?" అంది నూకరత్నం.

ఆయన కిటికీ వైపు తిరిగారు.

ఆమె పొట్లాన్ని బల్ల మీద పెట్టి ఆయన వైపు తోసి, గొంతు తగ్గించింది. "ఇది నాతో బయటికొస్తే మాయనకి తెలిసిపోద్ది. మీకాడే ఉంచీండి. కాసింత గట్టిగా తిట్టండి బాబూ, బయట ఇంటన్నాడు. పొద్దున్నించి ఏటీ తిన్లేదు. ఇంటికెళ్ళి నాలుగు ముద్దలు తిన్నాక నానే సెప్పుకుంటాను."

ఆయన నోరు తెరిచారు. మాట రాలేదు.

"ఏటి బాబూ! ఇన్నేళ్ళూ అడక్కుండా తిట్టీవోరు. అడిగితే రాలేదేటి?"

భీమశంకరంగారు అరచేత్తో బల్ల మీద దబ్బున కొట్టారు. "బుద్ధుందా నీకసలు? మనిషివా, పిల్లివా? మళ్ళీ ఈ కంపు పట్టుకుని నా గుమ్మం తొక్కావంటే, వచ్చే నెల నీ సంగతి..."

వచ్చే నెల అన్నచోట ఆయన గొంతు జీరపోయింది. ఆమె వెంటనే పెద్దగా దగ్గి దాన్ని కప్పేసింది.

"డాట్రుబాబు పట్టీసినాడు!" బయట అప్పలకొండ నవ్వు. "దీనికి సిగ్గు నేదు బాబూ, ఇంకో నాలుగు తగిలించండి!"

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆమె బయటికి నడిచింది. అతను గొడుగు విప్పి, తను తడుస్తూ ఆమెకే పట్టాడు. ఆ నవ్వు సందు మలుపుదాకా వినిపించి, తర్వాత వానలో కలిసిపోయింది.

సగం తలుపు పట్టుకుని మందాకిని ఆ సందు వైపే చూస్తూ నిలబడింది. డాక్టరుగారు కళ్ళజోడు తీసి, చాలాసేపు తుడుచుకున్నారు.

"బయట ఎవరున్నారమ్మాయ్?"

"చుట్ట మానని తాతగారు. షుగరుండీ జిలేబీ తిన్న పంతులుగారు."

"ఇద్దరూ తిట్టదగ్గవాళ్ళేనా?"

"అవును మాస్టారూ."

"అమ్మయ్య," అన్నారాయన. "పిలువు."