బడికి పోని పంచె

ఏ రాజు ఏలిన రోజుల్లోనో గానీ, అంకమ్మ అనే నేతమనిషి ఉండేది. బడిపంతులు భానుశాస్త్రి బెత్తం దెబ్బలకు ఆమె కూతురు లచ్చి అరచేతులు వాచి, పిల్ల నూలుపోగు కూడా పట్టుకోలేకపోయింది. అంకమ్మకు కడుపు మండింది. బిడ్డను బడి మాన్పించి, మగ్గం పక్కనే కూర్చోబెట్టి అక్షరాలూ లెక్కలూ చెప్పసాగింది.

శాస్త్రి తల్లీకూతుళ్లిద్దర్నీ రాజసభకు ఈడ్పించాడు.

"మహారాజా, ఇంట్లో నేర్చింది చదువే కాదు. అది రాజ్యంలో చెల్లకూడదు. పిల్లను బడికి పంపేదాకా దీని మగ్గం లాక్కోండి."

రాజు సరేననబోయాడు.

"అట్టాగే పంపుతాను," అంది అంకమ్మ పళ్లు బిగబట్టి. "ముందు పంతులుగారిని ఆ పంచె విప్పి ఇమ్మనండి."

"ఏమిటే ఆ పొగరు?" అన్నాడు శాస్త్రి.

"ఆ పంచె నేసింది నేను. నాకు నేత నేర్పింది మా అమ్మ, మా ఇంట్లోనే. మీ పంచె అంచుకు పోగులు లెక్కపెట్టింది మీరు కొట్టిన ఈ పిల్లే. ఇంట్లో నేర్చింది చెల్లదన్నారుగా. చెల్లని బట్ట కట్టుకుని రాజుగారి ముందు ఎట్టా నిలబడ్డారయ్యా?"

రాజు తన ఒంటిమీది బట్టలకేసి చూసుకున్నాడు.

"ఇంటి చదువు చెల్లుతుంది," అన్నాడు తొందరగా.

ఎప్పుడూ బెత్తం పట్టే శాస్త్రి చేతులు రెండూ అప్పుడు పంచెముడిని గట్టిగా పట్టుకుని ఉన్నాయి.