తలపాగా కొక్కెం

ఏ రాజు కాలమో గుర్తులేదు గానీ, ఆ కోటలో మందుగుండు కొట్టుకు తిరుపాలు కాపలా. కాసి కాసి అతనికి విసుగొచ్చేసింది. దివాను మర్యాద కోసమని పెద్దమనుషులకు ఇచ్చుకుంటూ పోగా, కొట్టు తాళంచెవులు పదిహేడయ్యాయి. వచ్చినవాళ్లకల్లా మోకాళ్లు పట్టుకుని లేచి దండం పెట్టాలి. ఎందుకొచ్చారని అడగకూడదు.

ఒకరోజు రెండు పీపాల మందు మాయమైంది.

"ఏనుగు తొక్కినా విరగని కొత్త తాళం తెప్పించాను. ఇక చిటికెడు పోయినా నీ కొలువు ఊడుతుంది," అన్నాడు దివాను.

"దీనికి తాళంచెవులెన్ని దొరా?"

"పదిహేడే. ఎవరిని కాదంటాం?"

తిరుపాలు నిట్టూర్చాడు. "ఒక్కటుంచి మిగతావి కొలిమిలో వేయించండి. అది నా వెనక కొక్కేనికి ఉంటుంది. కావలసినవారు తలపాగా అక్కడ తగిలించి తాళంచెవి తీసుకుంటారు. తిరిగిచ్చాక తలపాగా తీసుకుంటారు."

రాజుగారికి జవాబు చెప్పుకోలేక సతమతమవుతున్న దివాను సరేనన్నాడు.

ఆ నెలలో కొట్టు మూడుసార్లే తెరుచుకుంది. నిజంగా పని ఉంటే తప్ప ఉత్త తలతో నలుగురిలో నిలబడటానికి ఎవరూ ఇష్టపడలేదు.

ఒకనాడు దివానే వచ్చి తాళంచెవి అడిగాడు. తిరుపాలు కూర్చునే చెయ్యి చాచాడు.

"తలపాగా నేనూ ఇవ్వాలా? నామీద అనుమానమా?"

"అనుమానం ఎవరిమీదా లేదు దొరా. మందు పోయినప్పుడూ ఆ పదిహేడు మందిని మీరు అనుమానించలేదు. తాళంచెవి లేని నన్నే పట్టుకున్నారు."

దివాను చెయ్యి తలపాగా దాకా వెళ్లి ఆగింది. ఏం పనిమీద వచ్చాడో మరిచిపోయినవాడిలా వెనక్కి తిరిగాడు.